సొంత పాట, సొంత ప్రచారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కంపెనీ అండ లేకుండా పాట రాసుకుని, బాణీ కట్టుకుని, రికార్డు చేసుకుని, చివరికి దాన్ని జనంలోకి ఎలా తీసుకెళ్ళాలో తెలియక ఆగిపోయినవాళ్ళ ప్రశ్నలివి. ఒకే రకమైనవాటిని కలిపి జవాబిస్తున్నాం.

ప్రశ్న: బతుకమ్మ పాట ఒకటి సొంతంగా చేస్తున్నాను. పోయినేడు చేసిన పాటను సరిగ్గా ఎంగిలిపూల నాడు, అంటే పండుగ మొదటి రోజున యూట్యూబ్‌లో పెడితే పండుగ అయ్యేదాకా నాలుగు వందల మంది కూడా చూడలేదు. విన్నవాళ్ళు బాగుందనే అన్నారు. ఈసారి ఎప్పుడు వదలాలి? ఏమేం చేయాలి?
– ఒక గాయని, కరీంనగర్

జవాబు: మీ పాటను దెబ్బతీసింది తేదీ. బతుకమ్మ పాటను జనం ఆడుకోవడానికి వాడుకుంటారు. అడుగు, చప్పట్లు కుదరాలంటే వాడకట్టు ఆడవాళ్ళు దాన్ని ముందే పదిసార్లయినా విని ఉండాలి. డీజే వాళ్ళ పెన్‌డ్రైవులోకి అది ముందే ఎక్కి ఉండాలి. ఎంగిలిపూల నాటికి ఆ పెన్‌డ్రైవు నిండిపోతుంది, ఆ తొమ్మిది రోజులూ అవే పాటలు తిరుగుతాయి.

పంచాంగం ముందు పెట్టుకుని వెనక నుంచి లెక్కేయండి. వినాయక చవితి నుంచి పెత్రమాస దాకా, అంటే ఎంగిలిపూల నాటి అమావాస్య దాకా, 26 తిథుల దూరం. మొదటి పదకొండు రోజులు మైకులన్నీ గణపతివే, అప్పుడు వదిలితే మీ పాట ఎవరికీ వినపడదు. నిమజ్జనం అయిన మర్నాటి నుంచి పెత్రమాస దాకా దొరికే పక్షం రోజులే మీవి. వీడియో ఆ మొదటి మూడు రోజుల్లో వచ్చేయాలి. పితృపక్షంలో కొత్త పని మొదలుపెట్టకూడదనే పట్టింపు ఇంట్లో ఉంటే, నిమజ్జనానికి ఒకటి రెండు రోజుల ముందే వదిలేసి ప్రచారం మాత్రం తర్వాత మొదలుపెట్టండి.

ఆడియోను స్పాటిఫై, జియోసావన్, ఆపిల్ మ్యూజిక్, అమెజాన్, ఇన్‌స్టాగ్రామ్‌లకు చేర్చేది డిస్ట్రిబ్యూటర్. వాళ్ళకు విడుదలకు నాలుగు వారాల ముందు ఫైలు అందాలి. అంటే దాదాపు రాఖీ పున్నమి నాటికి పాట మిక్సింగు, మాస్టరింగు పూర్తయి ఉండాలి. రికార్డింగు ఆషాఢంలోనే పెట్టుకోండి. అప్పుడు స్టూడియోలు కూడా కాస్త ఖాళీగా దొరుకుతాయి. ఫైలు వేవ్ ఫార్మాట్‌లో ఇవ్వాలి, ఎంపీ3 ఇవ్వకూడదు. కవర్ బొమ్మ 3000 × 3000 పిక్సెళ్ళ చదరం. దాని మీద ఫోన్ నంబరు, ఛానల్ లోగో, "సబ్‌స్క్రైబ్ చేయండి" లాంటివి వేస్తే వెనక్కి పంపేస్తారు. సరిదిద్ది మళ్ళీ పంపేసరికి మీ పక్షం రోజుల్లో కొన్ని కరిగిపోతాయి.

ఫైలు చేరాక ‘స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్’లో మీ పేజీ మీదేనని నిరూపించుకుని, విడుదలకు కనీసం 7 రోజుల ముందు పాటను వాళ్ళ ప్లేలిస్టులు కూర్చే సంపాదకుల పరిశీలనకు పంపండి. విడుదలైపోయిన పాటను పంపడం కుదరదు. సంపాదకులు తీసుకోకపోయినా, వారం ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ళ ‘రిలీజ్ రాడార్’ జాబితాలోకి ఆ పాట వెళ్తుంది. అక్కడ వివరణకు 500 అక్షరాలే చోటు. చాలామంది దాన్ని ఇలా పాడుచేసుకుంటారు: "ఇది చాలా అందమైన పాట, అందరికీ నచ్చుతుంది, దయచేసి అవకాశం ఇవ్వండి." ఇందులో సంపాదకుడికి పనికొచ్చే ముక్క ఒక్కటీ లేదు. ఇలా రాయండి: "తెలంగాణలో తొమ్మిది రోజుల పూల పండుగకు ఆడవాళ్ళు వలయంగా తిరుగుతూ చప్పట్లతో ఆడే పాట. డప్పు, కంజీర, ఏడుగురు ఆడవాళ్ళ కోరస్. కొత్త సాహిత్యం, పాత నడక. ఫలానా తేదీన వీడియో, అదే వారం అడుగులు నేర్పే మూడు షార్ట్‌లు వస్తున్నాయి." ఎవరు, ఎప్పుడు, ఎందుకు వింటారో ఇందులో ఉంది.

వీడియో గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. మన జానపద వీడియోల్లో మొదటి ముప్ఫై సెకన్లు ఛానల్ లోగో తిరగడానికి, నిర్మాత పేరుకు, పొలాల మీద డ్రోను షాటుకు పోతున్నాయి. చూసేవాళ్ళు అక్కడే వేలితో పైకి నెట్టేస్తున్నారు. యూట్యూబ్ స్టూడియోలో మీ పాత పాటల ‘ఆడియెన్స్ రిటెన్షన్’ గీత తెరిచి చూడండి, అది ఏ సెకను దగ్గర జారిపోయిందో కనిపిస్తుంది. గొంతు ఐదో సెకనులోపు వినపడాలి. పేర్లన్నీ చివర్లో వేయండి, కింద వివరణలోనూ రాయండి. సాహిత్యం మొత్తం తెలుగు లిపిలో వివరణలో పెట్టండి. పాట పేరు గుర్తులేనివాళ్ళు ఒక చరణం ముక్క కొట్టి వెతుకుతారు.

షార్ట్‌లు, రీళ్ళు మూడు చాలు, ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు, నిలువు ఫ్రేములో. ఒకదాంట్లో పల్లవి, గొంతు మీద దృష్టి. ఇంకోదాంట్లో కెమెరాను కదలకుండా నిలబెట్టి, మనిషి తల నుంచి పాదం దాకా కనపడేలా అడుగులు చూపించండి. కాళ్ళు కోసేసిన ఫ్రేములో ఎవరూ ఆట నేర్చుకోలేరు. మూడోది నిదానంగా, చప్పట్లు లెక్కపెట్టుకుంటూ. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు వీడియోతో కలిసి వచ్చిన శబ్దాన్ని ఆపేసి, డిస్ట్రిబ్యూటర్ ద్వారా చేరిన మీ పాటనే ఆడియో జాబితాలోంచి ఎంచుకోండి. అలా చేయకపోతే అది ‘ఒరిజినల్ ఆడియో’గా వేరే పేజీ అవుతుంది, ఊరూరా ఆడవాళ్ళు చేసే రీళ్ళు రెండు చోట్లకు చీలిపోతాయి. పాట అప్‌లోడ్ చేసేటప్పుడే ‘ప్రివ్యూ’ ఎక్కడ మొదలవ్వాలో అడిగే గడి ఉంటే పల్లవి మొదలయ్యే సెకను ఇవ్వండి. ఖాళీగా వదిలితే సన్నాయి ఆలాపనో, నిశ్శబ్దమో వస్తుంది. మీ ఖాతా ‘బిజినెస్’ రకంలో ఉంటే పాటల జాబితా పూర్తిగా కనపడదు, ‘క్రియేటర్’కు మార్చుకోండి.

డీజేల కోసం ఒక చిన్న మూట కట్టండి: 320 కేబీపీఎస్ ఎంపీ3, గొంతు మాత్రమే ఉన్న ట్రాకు, నిమిషానికి ఎన్ని దెబ్బలో రాసిన ఒక కాగితం. మీ మండలంలోనూ చుట్టుపక్కలా ఉన్న సౌండ్ సిస్టం షాపులకు నేరుగా వెళ్ళి ఇవ్వండి. గొంతు ట్రాకు ఇస్తే రీమిక్సు చేసుకుని సొంతదిలా పెట్టేసుకుంటారేమోనని భయపడతారు. ఆ భయానికి మందు ‘కంటెంట్ ఐడీ’, అంటే ఎవరి వీడియోలో మీ పాట ఉన్నా పట్టుకునే యూట్యూబ్ యంత్రం. డిస్ట్రిబ్యూటర్ దగ్గర అదనపు రుసుమో కమీషనో కట్టి అందులో చేర్పిస్తే, ఆ రీమిక్సు మీద వచ్చే యూట్యూబ్ ఆదాయం మీ వైపు తిరుగుతుంది. చేర్పించేటప్పుడు మీ సొంత ఛానల్‌ను మినహాయింపు జాబితాలో పెట్టమని చెప్పడం మరిచిపోకండి. లేకపోతే మొదటి క్లెయిము మీ వీడియో మీదే పడుతుంది.

వాట్సాప్ గ్రూపులకు లింకుతో పాటు స్టేటస్‌లో పెట్టుకోవడానికి 30 సెకన్ల ముక్క కూడా పంపండి. ఊళ్ళో లింకు నొక్కేవాళ్ళకన్నా స్టేటస్ పెట్టేవాళ్ళే ఎక్కువ. దాన్ని ‘డాక్యుమెంటు’గా పంపితే బొమ్మ నలగదు.

ప్రశ్న: డిస్ట్రిబ్యూటర్ ద్వారా నా మొదటి పాట వదిలితే అది వేరే రాష్ట్రంలోని అదే పేరున్న గాయకుడి పేజీలోకి వెళ్ళిపోయింది. పైగా పాట పేరు కొట్టినా దొరకడం లేదు. ఎలా సరిచేయాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు పేజీ సంగతి. ఫారంలో "ఈ కళాకారుడికి ఇప్పటికే పేజీ ఉందా?" అని అడిగినచోట మీరు ఎవరో ఒకరిని ఎంచుకుని ఉంటారు, లేదా ఖాళీగా వదిలి ఉంటారు. డిస్ట్రిబ్యూటర్‌కు రాసి కొత్త పేజీ తయారుచేయించండి. స్పాటిఫైలో పాట తప్పు పేజీలో ఉందని నేరుగా ఫిర్యాదు చేసే ఫారం కూడా ఉంది. రెండో పాట నుంచి మీ పేజీ లింకును ప్రతిసారీ ఇవ్వండి. పేరు మరీ మామూలుదైతే ఇప్పుడే ఇంటిపేరో ఊరిపేరో చేర్చుకోండి. పది పాటల తర్వాత మార్చడం నరకం.

పాట దొరకకపోవడానికి కారణం ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తీరు. మన ‘త’కు కొందరు ‘టీ’ ఒక్కటే రాస్తారు, కొందరు ‘టీహెచ్’ రాస్తారు. దీర్ఘానికి ఒకరు ఒక ‘ఏ’ పెడితే ఇంకొకరు రెండు పెడతారు. మీకు ఏది ఒప్పు అనిపిస్తుందన్నది ఇక్కడ లెక్క కాదు, వినేవాళ్ళు ఫోన్లో ఏది కొడతారన్నదే లెక్క. యూట్యూబ్ వెతుకు పెట్టెలో ఆ మాటలో మొదటి నాలుగు అక్షరాలు కొట్టి, కింద ఏ రూపం ముందు వస్తుందో చూసి అదే వాడండి. ఒకసారి ఎంచుకున్నాక యూట్యూబ్‌లో ఒకలా, స్పాటిఫైలో ఒకలా ఉండకూడదు. భాష గడిలో తప్పకుండా ‘తెలుగు’ ఎంచుకోండి. చాలామంది దాన్ని ఇంగ్లీషుగా వదిలేస్తారు, పాట తెలుగు జాబితాలకు దూరమైపోతుంది.

ప్రతి రికార్డింగుకూ ‘ఐఎస్ఆర్‌సీ’ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. డిస్ట్రిబ్యూటరే ఇస్తాడు. దాన్ని ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. డిస్ట్రోకిడ్ లాంటి చోట ఏటా చందా కట్టాలి, అది ఆగితే పాటలు దిగిపోతాయి. సీడీ బేబీ ఒక్కో విడుదలకు ఒకసారి రుసుము తీసుకుని ఆదాయంలో 9 శాతం ఉంచుకుంటుంది. రూట్‌నోట్ ఉచిత పద్ధతిలో 15 శాతం. రేపు ఒకరి దగ్గర నుంచి ఇంకొకరికి మారేటప్పుడు పాత సంఖ్యే ఇస్తే అప్పటిదాకా వచ్చిన వినికిడి లెక్క నిలుస్తుంది. కొత్త సంఖ్య పడితే సున్నా నుంచి మొదలు.

ప్రశ్న: మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాటకు నేను రెండు చరణాలు కొత్తగా కట్టాను. ఒక జానపద ఛానల్ వాళ్ళు స్టూడియో ఖర్చు పెట్టుకుని, నాకు 15,000 ఇస్తామంటున్నారు. కాగితం మీద "సర్వహక్కులూ శాశ్వతంగా" అని ఉంది. సంతకం పెట్టనా?
– ఒక గాయని, జనగామ

జవాబు: ఆ వాక్యంతో పెట్టకండి. ఇందులో మూడు వేర్వేరు ఆస్తులున్నాయి, వాళ్ళ కాగితం మూడింటినీ ఒకే మూటలో కట్టేసింది.

మొదటిది అమ్మమ్మ నోటి నుంచి వచ్చిన పాత పాట. అది నిజంగా తరతరాలదైతే ఎవరిదీ కాదు. మీరూ అమ్మలేరు, వాళ్ళూ కొనలేరు. అయితే జానపదం అనుకుంటున్న పాటల్లో కొన్ని ఈమధ్య కవులు రాసినవే ఉంటాయి, ఒకసారి విచారించుకోండి. రెండోది మీరు కట్టిన చరణాలు, బాణీలో మీరు చేసిన మార్పు. అది మీది. మూడోది రికార్డింగు. చట్టం ప్రకారం రికార్డింగుకు పూనుకుని దాని బాధ్యత తీసుకున్న నిర్మాతే దానికి మొదటి హక్కుదారు. స్టూడియోకు డబ్బు పెట్టి చేయించేది వాళ్ళే కాబట్టి రికార్డింగు వాళ్ళదవడం న్యాయమే. మాటలు కూడా వాళ్ళవైపోవడం న్యాయం కాదు.

కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 మీ చేతిలో ఆయుధం. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ పాట, ఏ హక్కు, ఎంతకాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బు అన్నవి అందులో రాయాలి. కాలం రాయకపోతే అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే భారతదేశమే. తీసుకున్నవాళ్ళు ఏడాదిలోపు ఆ హక్కును వాడుకోకపోతే, వేరుగా రాసుకోనప్పుడు, అది తిరిగి మీకే వస్తుంది. వాళ్ళు "శాశ్వతంగా", "ప్రపంచవ్యాప్తంగా" అని రాయడానికి కారణం ఇదే. 2012 సవరణ తర్వాత ఇంకో రక్షణ ఉంది: పాట రాసినవాళ్ళు, బాణీ కట్టినవాళ్ళు రాయల్టీలో తమ సమాన వాటాను వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వలేరు. రాసిచ్చినా చెల్లదు. పాడినవాళ్ళకూ వాణిజ్యపరమైన వాడకం మీద రాయల్టీ హక్కు ఉంది.

కాబట్టి కాగితాన్ని ఇలా మార్చమనండి. రికార్డింగు, వీడియో వాళ్ళవి. మీరు కట్టిన చరణాలు, బాణీలో మీ మార్పు మీవి, వాటిని ఈ ఒక్క రికార్డింగుకు, అయిదేళ్ళకు వాడుకునే అనుమతి మాత్రం ఇస్తున్నారు. వేదికల మీద పాడుకునే హక్కు, మరో రూపంలో మళ్ళీ రికార్డు చేసుకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది. 15,000 పారితోషికం, దాని మీద ఛానల్, ఆడియో ఆదాయంలో ఇంత శాతమని, ఆరు నెలలకోసారి లెక్క చూపాలని రాయించండి. వీడియో వివరణలో మీ పేరు మొదటి రెండు వరుసల్లో, మీ ఛానల్ లింకుతో ఉండాలి. ప్రచారం కోణంలో ఈ చివరి షరతే విలువైనది, అడిగితే ఒప్పుకునేదీ ఇదే. పెద్ద ఛానల్‌లో పాట పది లక్షల మంది చూసినా, పాడింది ఎవరో తెలియకపోతే మీ తర్వాతి పాటకు ఒక్కరూ రారు.

శాతానికి ససేమిరా అంటే 15,000కు ‘పాడినందుకు కూలి’గా మాత్రమే ఒప్పుకుని, మీ చరణాలు తీసేసి పాత పాటే పాడండి. చరణాలు మీ సొంత పాటకు దాచుకోండి.

ప్రశ్న: నెట్‌లో దొరికిన బీటు మీద ర్యాప్ రాసి వదిలాను. ఇప్పుడు నా వీడియో మీద ఎవరో విదేశీ పేరుతో కాపీరైట్ క్లెయిము పడింది. నేను 20 డాలర్లు పెట్టి కొన్న బీటే అది.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీరు కొన్నది బీటును కాదు, దాన్ని వాడుకునే లైసెన్సును. అదే బీటు ఇంకో వందమందికి అమ్ముడై ఉండొచ్చు. వాళ్ళలో ఒకడు తన పాటను కంటెంట్ ఐడీలో చేర్పించాడు, అక్కడి యంత్రానికి మీ పాటలోని సంగీతం అతనిదిలా వినిపించింది. లైసెన్సు ఈమెయిలు, డబ్బు కట్టిన రశీదు తీసుకుని యూట్యూబ్ స్టూడియోలో ‘డిస్ప్యూట్’ వేయండి. కారణంగా ‘లైసెన్సు ఉంది’ అన్నది ఎంచుకుని, బీటు చేసినవారి పేరు, కొన్న తేదీ రాయండి. అవతలివాళ్ళకు 30 రోజుల గడువు ఉంటుంది. క్లెయిము పడిన 5 రోజుల్లోపు డిస్ప్యూట్ వేస్తే మొదటి రోజు నుంచీ వచ్చిన ఆదాయాన్ని తేలేదాకా పక్కన పెడతారు. ఆలస్యమైతే అంతకుముందు రోజులది పోతుంది.

క్లెయిము వేరు, స్ట్రైకు వేరు. క్లెయిముతో ఆదాయం పోతుంది, ఛానల్‌కు ముప్పులేదు. స్ట్రైకు అంటే హక్కుదారు ఫిర్యాదు మీద వీడియోను తీసేసి ఛానల్‌కు ఇచ్చే హెచ్చరిక. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోవచ్చు.

లైసెన్సు కాగితం మరోసారి చదవండి. చవక లైసెన్సుల్లో ఇన్ని వేల స్ట్రీమ్‌లు దాటకూడదని పరిమితి ఉంటుంది, కంటెంట్ ఐడీలో చేర్పించకూడదని కూడా ఉంటుంది. రెండోదాన్ని మీరు మీరితే ఇప్పుడు మీకు జరిగిందే మీ వల్ల ఇంకొకరికి జరుగుతుంది. ప్రచారానికి డబ్బు పెట్టాలనుకున్న పాటకు మాత్రం మీ ఊళ్ళోనే కీబోర్డు వాయించే కుర్రాడితో సొంత బీటు చేయించుకోండి. రాత, బాణీ, బీటు ఎవరి వాటా ఎంతో ఒక పేజీ రాసుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి.

ప్రశ్న: 4,000 కడితే నెలలో లక్ష స్ట్రీమ్‌లు, ప్లేలిస్టుల్లో చోటు ఇప్పిస్తామని ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ వచ్చింది. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: వద్దు. ఆ లక్ష యంత్రాలు వినేవి. 2024 నుంచి స్పాటిఫై దొంగ స్ట్రీమ్‌లు బయటపడిన పాటలకు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర జరిమానా వసూలు చేస్తోంది, వాళ్ళు దాన్ని మీ ఖాతాలోంచి కోస్తారు, పాటనే తీసేయడమూ ఉంది. అంతకన్నా పెద్ద నష్టం కనపడకుండా జరుగుతుంది. మీ పాట ఎవరికి నచ్చుతుందో, శ్రోతలకు పాటలు సూచించే స్పాటిఫై యంత్రం వినేవాళ్ళను చూసే నేర్చుకుంటుంది. ఎక్కడో దేశాల్లోని దొంగ ఖాతాలు వింటే, కర్నూలు శ్రోతకు చూపించాలన్న సంగతి దానికి తెలియకుండా పోతుంది.

స్పాటిఫైలో ఒక పాటకు రాయల్టీ రావాలంటే గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు ఉండాలి, 30 సెకన్లు దాటి వింటేనే అది స్ట్రీమ్. ఆ వెయ్యిని నిజమైన మనుషులతో దాటించడం మొదటి లక్ష్యంగా పెట్టుకోండి, అది అందే దూరంలోనే ఉంది.

ప్రశ్న: గల్ఫ్‌కు పోయిన తండ్రి మీద పాట చేశాం. ప్రకటనలకు 5,000 రూపాయలు తీశాం. ‘బూస్ట్’ నొక్కితే సరిపోతుందా?
– ఇద్దరు మిత్రులు, జగిత్యాల

జవాబు: బూస్ట్ బటన్ లైకులు తెస్తుంది, అవి మీకు పనికిరావు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలు నడిపే మెటా యాడ్స్ మేనేజర్‌లో చేయండి. ప్రకటన ఖర్చు మీద 18 శాతం జీఎస్‌టీ పడుతుంది కాబట్టి మీ 5,000లో వాడుకోగలిగేది దాదాపు 4,200.

పాటలోంచి మూడు వేర్వేరు ముక్కలు తీయండి. ఒక్కోదానికి రోజుకు 200 చొప్పున మూడు రోజులు నడిపితే 1,800 అవుతుంది. మూడో రోజు రాత్రి ఒకటే చూడండి: వీడియో సగం దాకా చూసిన ఒక్కో మనిషికి ఏ ముక్క తక్కువ ఖర్చుతో వచ్చింది? మిగతా రెండూ ఆపేసి, గెలిచినదానికి రోజుకు 300 చొప్పున ఎనిమిది రోజులు, 2,400. పన్నుతో కలిపి 4,956. మీకు బాగా ఇష్టమైన ముక్కే ఓడిపోవచ్చు. మనసు గట్టి చేసుకుని ఆపేయండి.

ఎవరికి చూపించాలన్నదే ఈ పాటకు ప్రాణం. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల, కరీంనగర్ జిల్లాలు ఒక గుంపు, అక్కడ భాష గడి ఖాళీగా వదలండి, చాలామంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. సౌదీ, కువైట్, ఖతర్, యూఏఈ ఇంకో గుంపు, అక్కడ భాష ‘తెలుగు’ అని పెట్టాల్సిందే, లేకపోతే మీ డబ్బు అరబ్బీ, మలయాళం వాళ్ళ దగ్గర ఖర్చైపోతుంది. సౌదీ, కువైట్‌లలో శుక్రవారం సెలవు. గురువారం రాత్రి రూములో పడుకుని ఫోను పట్టుకునే వేళ అక్కడ ఎనిమిదైతే మనకు పదిన్నర. మామూలు పోస్టులు ఆ సమయానికి పెట్టండి. సూరత్, భివండి, షోలాపూర్‌లలో మన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి, ఇల్లు విడిచిన బాధ వాళ్ళకూ తెలుసు. డబ్బు మిగిలితే మూడో గుంపు వాళ్ళు.

ప్రకటన నొక్కితే యూట్యూబ్‌కు వెళ్ళేలా పెడితే ఒక ఇబ్బంది: అది ఇన్‌స్టాగ్రామ్‌లోపలి బ్రౌజరులోనే తెరుచుకోవచ్చు, అక్కడ చూసేవాళ్ళు లాగిన్ అయి ఉండరు, సబ్‌స్క్రైబ్ నొక్కలేరు. అందుకని ఈ ప్రకటన పనిని ఇన్‌స్టాగ్రామ్ వరకే ఉంచండి, ఆ ఆడియోతో వాళ్ళే రీలు చేసేలా అడగండి: "మీ నాన్న ఫొటోతో ఈ పాట పెట్టండి." ఇంకోటి, యూట్యూబ్ ప్రకటనల ద్వారా వచ్చిన చూపుల సమయం, ఆదాయానికి అర్హత కోసం కావాల్సిన 4,000 గంటల లెక్కలోకి రాదు. ఆ ఆశతో అక్కడ డబ్బు పోయకండి.

ప్రశ్న: ఐపీఆర్ఎస్‌లో చేరితే ప్రచారం చేస్తారా?
– ఒక గేయ రచయిత, రాజమహేంద్రవరం

జవాబు: చేయరు. అది రచయితలు, స్వరకర్తలు, పబ్లిషర్ల తరఫున రాయల్టీ వసూలు చేసి పంచే సొసైటీ. డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేది రికార్డింగు డబ్బు, ఐపీఆర్ఎస్ ద్వారా వచ్చేది రాత, బాణీల డబ్బు. రెండూ వేరు కాబట్టి చేరాల్సిందే. సభ్యత్వం వచ్చాక ప్రతి పాటనూ వాటాలతో సహా నమోదు చేయాలి. సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయకుండా కూర్చుంటే ఏమీ రాదు.

ప్రశ్న: కాలేజీ ఫెస్టుల్లో 25 నిమిషాలు ఇస్తున్నారు. సొంత పాట మొదలుపెట్టగానే జనం సినిమా పాట అడుగుతున్నారు.
– ఒక బ్యాండు, విజయవాడ

జవాబు: 25 నిమిషాలకు ఆరు పాటలు. అందులో మీవి రెండే, రెండోదీ అయిదోదీ. మొదటి సినిమా పాటతో గుంపు దగ్గరికొస్తుంది, ఆ వేడిలో మాటలు లేకుండా నేరుగా మీ పాటలోకి దూకండి. "ఇప్పుడు మా సొంత పాట" అని ప్రకటిస్తే ఫోన్లు జేబుల్లోకి వెళ్తాయి, కొందరు నీళ్ళకు లేస్తారు. అయిదోదానికి ముందు మాత్రం వాయిద్యాలన్నీ ఆపి, పల్లవిలో ఒక్క వరుసను రెండుసార్లు నేర్పించి వాళ్ళతో పాడించండి. పాటలో ఆ వరుస వచ్చిన ప్రతిసారీ మైకు వాళ్ళవైపు తిప్పండి. తాము పాడిన పాటను మనిషి వెతుక్కుంటాడు.

క్యూఆర్ కోడు వెనక తెర మీద మొదటి నుంచీ ఉంటే ఎవరూ చూడరు. అయిదో పాట ఆఖరి దరువు పడిన క్షణంలో తెర నిండా రావాలి, డ్రమ్మరు మెల్లగా తాళం పట్టి ఉంచి, పాడేవాళ్ళు "స్కాన్ చేయండి" అని ఒక్కసారి చెప్పి, 20 సెకన్లు ఆగాలి. ముందు రోజే ఆ గ్రౌండులో వెనక వరుస నుంచి మీ ఫోనుతో స్కాన్ చేసి చూసుకోండి, ఎల్‌ఈడీ తెర మీద సన్న గీతల కోడ్లు పట్టవు. ఆ కోడు ఇన్‌స్టాగ్రామ్‌కు కాకుండా మీ వాట్సాప్ ఛానల్‌కు వెళ్ళేలా పెట్టండి, తర్వాతి పాట వచ్చిన రోజు నేరుగా చెప్పుకోవచ్చు.

ట్రాకులు వాడుతుంటే రెండు పెన్‌డ్రైవుల్లో, ఫోన్లో కూడా ఉంచుకోండి, ఒక్కో పాటకు గొంతున్నదీ లేనిదీ పేరులోనే తెలిసేలా రాయండి. సౌండు అతను హడావిడిలో గొంతున్న ట్రాకు వేస్తే, ఆ వీడియో సాయంత్రానికి కాలేజీ గ్రూపులన్నిటిలో తిరుగుతుంది. సినిమా పాటలకు కావలసిన ఐపీఆర్ఎస్ లైసెన్సు సంగతి నిర్వాహకులదేనని ఒప్పందంలో ఒక వరుస రాయించుకోండి.